అవయవములను సేకరించు శస్త్రవైద్యుడు

విఘ్నేశ్వరునకు ఏనుగు తలను అతికించిన కథ మన పిల్లలందరకు తెలిసినదే. కథ గనుక అందు రెండు ప్రశ్నలు తలయెత్తవు. ఏనుగు తరపున ఎవ్వరి అనుమతియు అడుగలేదు. తల తెగినది మొదలు అతికించు వరకు ఎంత కాలము గడచెనో ఎవ్వరును లెక్కింపలేదు. ఒకరి దేహమునందలి అవయవమును మరియొకరికి అమర్చుటకు నిజముగా పూనుకొనిన వైద్యులకు మాత్రము ఈ రెండు ప్రశ్నలే పెద్ద అడ్డంకులైనవి. దేహమునుండి వేరైన అవయవము ఎంతసేపు చెడకుండును? దానిని ఎప్పుడు, ఎవరి సమ్మతితో తీయవచ్చును?

అవయవ మార్పిడి యనగానే రోగి రొమ్ములో క్రొత్త గుండెను కుట్టు వైద్యుడు మనకు గుర్తుకు వచ్చును. పత్రికలలో బొమ్మ పడునదియు అతనిదే. అయితే అంతకు కొన్ని గంటల ముందు, తరచుగా అర్ధరాత్రి వేళ, వేరొక ఆసుపత్రిలో మరియొక శస్త్రవైద్యుడు తన పని ముగించి యుండును. మరణించినవారి దేహమునుండి అవయవములను చెడకుండ తీసి పంపుట అతని పని. అతని బల్లమీద నున్న మనిషి బ్రతుకడు. అతని పనివలన బ్రతుకు మనిషిని అతడు అనేక పర్యాయములు చూడనైన చూడడు. ఈ వృత్తి ఎట్లు పుట్టినదో, దాని వెనుక నున్న శాస్త్ర మేదో, దానిని నిలబెట్టుచున్న నమ్మక మెట్టిదో పరిశీలింతము.

సూదియు, దారమును

1894లో ఫ్రాన్సు దేశాధ్యక్షుడు సాదీ కార్నో లియోన్ నగరమున కత్తిపోటుకు గురియై మరణించెను. తెగిన పెద్ద సిరను కుట్టు విద్య ఆనాటి వైద్యులకు లేదు. ఆ నగరముననే వైద్యము నేర్చుచుండిన అలెక్సిస్ కారెల్ అను యువకుని మనస్సున ఈ సంగతి నాటుకొనెను. పట్టుదారపు కుట్టుపనిలో ఆరితేరిన ఒక స్త్రీ వద్ద అతడు సన్నని సూదిని వాడుట నేర్చుకొనెనని చెప్పుదురు. తెగిన నాళము అంచున మూడు చోట్ల దారములు వేసి లాగినచో దాని గుండ్రని నోరు త్రిభుజమగును. వంపు తిరిగిన అంచును కుట్టుటకంటె తిన్నని అంచును కుట్టుట సులభము గదా! కారెల్ 1902లో ప్రకటించిన పద్ధతి ఇదియే. 1912లో అతనికి నోబెల్ బహుమానము లభించెను.

అవయవమును అతికించుట కిట్లు దారి ఏర్పడినది. కారెల్ జంతువులపై ప్రయోగములు చేసి మరియొక సంగతిని గమనించెను. ఒక జంతువు మూత్రపిండమును తీసి దానికే వేరొక చోట అతికించినచో అది చక్కగా పని చేయును. వేరొక జంతువునకు అతికించినచో కొలది దినములకే చెడిపోవును. దేహము పరాయి కణములను గుర్తించి తిరస్కరించుటయే ఇందులకు కారణమని తరువాతి వారు తెలిసికొనిరి.

ఆరు గంటల ఆలస్యము

మరణించిన మనిషి అవయవమును మరియొక మనిషికి తొలుత అమర్చినవాడు ఉక్రెయిన్ దేశపు వైద్యుడు యూరీ వొరొనొయ్. 1933 ఏప్రిల్ 3న ఖెర్సోన్ నగరమున, పాదరసపు విషముచే మూత్రపిండములు పాడైన ఒక యువతికి అతడు ఈ చికిత్స చేసెను. దాత తలకు దెబ్బ తగిలి మరణించినవాడు. మరణించిన సుమారు 6 గంటలకు గాని మూత్రపిండమును తీయుట జరుగలేదు. ఇద్దరి రక్తవర్గములును వేరు. ఆ యువతి రెండు దినములకు మరణించెను.

ఈ అపజయమున రెండు పాఠములున్నవి. మొదటిది తిరస్కారమునకు సంబంధించినది. 1954 డిసెంబరు 23న బోస్టన్ నగరమున జోసెఫ్ మరే కవలలలో ఒకని మూత్రపిండమును రెండవవానికి అమర్చి జయము పొందెను. ఒకే పిండమునుండి పుట్టిన కవలలు గనుక తిరస్కార మన్న మాటయే లేదు. 1962లో ఆయనయే అజథయోప్రిన్ అను మందుతో తిరస్కారమును అణచి, మరణించిన దాత మూత్రపిండము ఏడాదికి పైగా పని చేయునట్లు చేసెను. రెండవ పాఠము కాలమునకు సంబంధించినది. సేకరించు వైద్యుని వృత్తి అంతయు ఈ రెండవ పాఠమునుండియే పుట్టినది.

చల్లదనము చేయు మేలు

రక్తప్రసారము ఆగిన అవయవమునకు ప్రాణవాయువు అందదు. అయినను దేహపు వేడిమి యున్నంతకాలము కణములు తమ పనిని మానవు. ఉన్న కొద్దిపాటి శక్తిని వ్యయము చేసి నశించును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గిన ప్రతిసారి కణముల పని ఇంచుమించు సగమునకు, ఒక్కొక్కప్పుడు అంతకంటె తక్కువకు పడిపోవును. 37 డిగ్రీలనుండి 4 డిగ్రీలకు దింపినచో అది సుమారు పదవ వంతగును. కణమునకు ఆకలి తగ్గినది గనుక అది ఎక్కువసేపు ఓర్చుకొనగలదు.

చల్లదనములో ఒక చిక్కు గలదు. ప్రతి కణము తన లోనికి చొరబడు సోడియమును ఎప్పటికప్పుడు బయటకు త్రోసివేయుచుండును. ఇందులకు శక్తి కావలెను. చలిలో ఈ పని ఆగును. సోడియము లోనికి వచ్చును, దాని వెంట నీరు వచ్చును, కణము ఉబ్బును. ఎండుద్రాక్షను నీటిలో వేసి ద్రవాభిసరణమును చూపు ఉపాధ్యాయులకు ఈ సంగతి వివరింప నక్కరలేదు.

1969లో జెఫ్రీ కాలిన్స్ అను పరిశోధకుడు దీనికి ఉపాయము కనుగొనెను. కణము వెలుపలి ద్రవము లోపలి ద్రవమును పోలియున్నచో సోడియము చొరబడుటకు కారణమే యుండదు. పొటాషియము ఎక్కువగను, సోడియము తక్కువగను గల ద్రావణమును చల్లార్చి ఆయన మూత్రపిండముల రక్తనాళములలోనికి ఎక్కించెను. కుక్కల మూత్రపిండములు ఐసులో 30 గంటలు చెడకుండ నిలిచినవి. 1980వ దశకమున అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున బెల్జర్, సదర్డ్ అనువారు ఇంకను మేలైన ద్రావణమును తయారు చేసిరి. ఐసుపెట్టెలో నుంచిన గుండెకు సుమారు 4 గంటలు, ఊపిరితిత్తులకు 6 నుండి 8 గంటలు, కాలేయమునకు 12 గంటలు, మూత్రపిండమునకు 24 గంటలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి గడువు గలదని వైద్యులు లెక్క వేసికొందురు. ఇటీవల అవయవములోనికి వెచ్చని రక్తమును నడిపించి ఈ గడువును పొడిగించు యంత్రములును వాడుకలోనికి వచ్చినవి.

మరణ మెప్పుడు?

చల్లబరచు విద్య ఎంత పెరిగినను, గుండె ఆగి గంటలు గడచిన పిదప తీసిన అవయవమును అది బాగుచేయజాలదు. అందుచే రెండవ ప్రశ్న ముందునకు వచ్చినది. మనిషి మరణించినట్లు ఎప్పుడు చెప్పవలెను?

శ్వాసను నడుపు యంత్రము రాకమునుపు ఈ ప్రశ్నకు చిక్కు లేకుండెను. ఊపిరి ఆగినచో గుండెయు ఆగును. యంత్రము వచ్చిన పిదప ఒక క్రొత్త స్థితి కనబడినది. 1959లో పారిస్ వైద్యులు మొలారె, గూలోన్ అనువారు 23 మంది రోగులను గూర్చి వ్రాసిరి. వారి మెదడు పూర్తిగా నశించినది. ఊపిరి యంత్రమువలననే సాగుచున్నది. గుండె మాత్రము కొట్టుకొనుచున్నది. కప్ప గుండెను తీసి ఉప్పునీటిలో నుంచినను కొంతసేపు కొట్టుకొనునని విద్యార్థులు చదివియుందురు. గుండెకు లయ తనలోనే గలదు. ఊపిరికి ఆజ్ఞ మెదడు కాండమునుండి రావలెను. ఆ కాండము నశించినచో మనిషి తనంతట ఎన్నటికిని ఊపిరి తీసికొనలేడు. దీనినే నేడు మెదడు మరణమనియు, జీవన్మృతి యనియు వ్యవహరించుచున్నారు. రోగి తెలివి తప్పి యుండి, మెదడు కాండము జీవించియున్న కోమా దీనికి పూర్తిగా భిన్నమైనది.

1963 జూన్ నెలలో బెల్జియము దేశపు లూవాన్‌లో గీ అలెగ్జాండర్ అను శస్త్రవైద్యుడు ఇట్టి దాతనుండి, గుండె కొట్టుకొనుచుండగనే, మూత్రపిండమును తీసెను. అమర్చిన వెంటనే అది పని చేయసాగినది. అతని తోటివైద్యులు పలువురు చాలకాలము దీనికి సమ్మతింపలేదు. 1968 ఆగస్టులో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు సంఘము మెదడు మరణమును నిర్ణయించు లక్షణములను ప్రకటించెను. ఆ నివేదికలో ఒక సలహా గలదు. మరణమును నిర్ణయించు వైద్యులు అవయవ మార్పిడితో ఏ సంబంధమును లేనివారై యుండవలెను. చూచుటకు చిన్నదైనను ఈ నియమము ఎంత విలువైనదో ఆ నెలలోనే జపాను దేశమున జరిగిన సంఘటన తెలుపును.

సపోరో నేర్పిన పాఠము

1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలో క్రిస్టియాన్ బార్నార్డ్ మొట్టమొదటిసారిగా మనిషి గుండెను మనిషికి అమర్చెను. రోగి 18 దినములు జీవించెను. తరువాతి సంవత్సరమున ప్రపంచమంతట వందకు పైగా ఇట్టి చికిత్సలు జరిగినవి. అందు ఒకటి 1968 ఆగస్టు 8న సపోరో నగరమున జూరో వాడా చేసినది. నీట మునిగిన యువకుని గుండెను 18 ఏండ్ల రోగికి అమర్చిరి. అతడు 83 దినములు జీవించెను.

మొదట దేశమంతయు ప్రశంసించినది. పిమ్మట ప్రశ్నలు పుట్టినవి. దాత నిజముగా మరణించెనా? ఆ నిర్ణయమును గుండె కావలసిన వైద్యులే చేయవచ్చునా? రోగికి ఆ చికిత్స తప్పనిసరియా? వాడాపై హత్యారోపణ వచ్చినది. విచారణ జరిగి, చాలినంత సాక్ష్యము లేదని అభియోగమును విడిచిపెట్టిరి. అయినను ప్రజల మనస్సులోని అనుమానమును ఎవ్వరును విడిపింపలేకపోయిరి. 1997లో చట్టము వచ్చిన తరువాత, 1999 ఫిబ్రవరిలో గాని జపానులో రెండవసారి గుండె మార్పిడి జరుగలేదు. ముప్పది సంవత్సరములు! ఈ కాలమున ఆ దేశమున సూదికి, దారమునకు, మందులకు, నేర్పరులైన వైద్యులకు కొదువ లేదు. కొదువ పడినది నమ్మక మొక్కటియే.

ఒకే బల్ల చుట్టు

ఒక దాతనుండి గుండె, కాలేయము, మూత్రపిండములు అన్నియు తీయవలసి వచ్చినప్పుడు వేరువేరు ఆసుపత్రుల వైద్యులు ఒకే బల్ల చుట్టు చేరుదురు. ఒకరి తొందర మరియొకరి అవయవమునకు చేటు. కాలేయ మార్పిడికి ఆద్యుడైన థామస్ స్టార్జల్, తన సహచరులతో కలిసి 1984లో అందరకును అనువైన ఒక క్రమమును ప్రకటించెను. నేటి పద్ధతికి అదియే మూలము.

సేకరించు వైద్యుడు మొదట కత్తిని పట్టడు, కాగితములను చూచును. మరణ నిర్ణయ పత్రము, కుటుంబపు సమ్మతి, రక్తవర్గము సరిగా నున్నవో లేదో స్వయముగా చదువును. పిదప రొమ్మును, పొట్టను తెరచి ఒక్కొక్క అవయవమును కంటితోను, చేతితోను పరీక్షించును. రక్తము గడ్డకట్టకుండ హెపారిన్ ఇచ్చి, బృహద్ధమనిలో గొట్టము నుంచి, పై భాగమున క్లాంపు వేయుదురు. ఆ క్షణమున గడియారమును చూచి కాలమును పైకి చెప్పుదురు. చల్లని ద్రావణము లోనికి పోవును. చుట్టును ఐసు నింపుదురు. మొదట గుండె, తరువాత ఊపిరితిత్తులు, కాలేయము, కడపట మూత్రపిండములు. తక్కువ గడువు గలది ముందు బయలుదేరును. ఒక్క చిన్న ధమని పొరపాటున తెగినను ఎక్కడనో ఎదురుచూచుచున్న రోగికి ఆశ తెగినట్లే.

మన దేశమున

మన పార్లమెంటు 1994లో మానవ అవయవ మార్పిడి చట్టమును చేసెను. మెదడు మరణమును నలుగురు వైద్యుల మండలి ధ్రువీకరించవలెను. పరీక్షలను కనీసము 6 గంటల వ్యవధితో రెండుసార్లు జరుపవలెను. ఆ సంవత్సరమే ఆగస్టు 3న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో మన దేశపు మొదటి విజయవంతమైన గుండె మార్పిడి జరిగినది. ఆ శస్త్రవైద్యుడు రాజమండ్రిలో జన్మించిన పనంగిపల్లి వేణుగోపాల్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో తన చట్టమును చేసికొనెను. 2013లో జీవన్‌దాన్ పథకము మొదలై, ఎదురుచూచువారి వరుసను ఒక పద్ధతిలో నిర్వహించుట ప్రారంభమైనది. 2021 ఫిబ్రవరి 2న హైదరాబాదులో ఒక దాత గుండెను నాగోలునుండి జూబ్లీహిల్స్ వరకు, సుమారు 21 కిలోమీటర్లు, మెట్రో రైలులో అరగంట లోపల చేర్చిరి. నాలుగు గంటల గడువులో ఒక్కొక్క నిమిషమునకు గల విలువ ఇట్టిది.

ఇంగ్లీషులో ఈ పనికి వెనుక హార్వెస్ట్ అను మాటను వాడెడివారు. పంటకోత యని దాని అర్థము. బిడ్డను పోగొట్టుకొనిన తల్లి చెవిని ఆ మాట ఎట్లు పడునో ఆలోచించిన పిదప వైద్యులు దానిని విడిచి రికవరీ అను మాటను చేపట్టిరి. పని ప్రారంభించుటకు ముందు పెక్కు ఆసుపత్రులలో అందరును దాత చుట్టు నిలిచి కొన్ని క్షణములు మౌనము పాటింతురు.

ఐసుపెట్టెలు వెళ్ళిపోయిన పిమ్మట గదిలో తొందర తగ్గును. గడియారమును చూడవలసిన పని ఇక లేదు. అప్పుడు సేకరించు వైద్యుడు మరల సూదిని, దారమును తీసికొని, తెరచిన దేహమును జీవించియున్న రోగికి కుట్టినంత శ్రద్ధతో కుట్టి, శుభ్రపరచి, బంధువులకు అప్పగించును. ఆ కుట్టువలన ఏ రోగియు బ్రతుకడు. అయినను అది సరిగా పడినప్పుడే మరియొక కుటుంబము మరియొక రాత్రి వైద్యుని మాటను నమ్మి సమ్మతి పత్రముపై సంతకము చేయగలదు.