వేట, వినోదం, తెప్ప: తెలుగు నేలపై గాలపు చేపల వేట – ఒక చారిత్రక పరిశీలన

హైదరాబాదు విమానాశ్రయం నుంచి నగరంలోకి వచ్చే ప్రయాణికుడికి శంషాబాదు దాటగానే పడమటి వైపున హిమాయత్ సాగర్ ఉంటుంది. ఇది సముద్ర తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మంచినీటి జలాశయం. అయినా దక్కను వాసులు దాన్ని ‘సాగర్’ అనే పిలిచారు. హుస్సేన్ సాగర్, ఉస్మాన్ సాగర్ పేర్లలోనూ అదే మాట ఉంది. నీరు విస్తారంగా కనిపిస్తే చాలు, దక్కను భాషా వ్యవహారం దానికి సముద్ర గౌరవం ఇచ్చింది. ఈ సాగరాల గట్టున గాలం వేసి కూర్చునే వ్యక్తినీ, విశాఖ తీరంలో తెప్ప మీద గాలపు దారం వదిలే వ్యక్తినీ ఒకే చరిత్రలో భాగంగా చూడవచ్చునా? చూస్తే ఆ చరిత్ర ఎవరి మాటల్లో నమోదయింది? ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. ‘వేట’ అనే మాట

తెలుగు తీర ప్రాంతంలో మత్స్యకారులు సముద్రంలోకి వెళ్ళడాన్ని ‘వేటకు వెళ్ళడం’ అంటారు. అడవిలో మృగాన్ని తరమడానికీ, కడలిలో చేపను పట్టడానికీ భాషలో ఒకటే మాట. సాహిత్యంలో మాత్రం ఈ రెండు వేటలకూ సమాన స్థానం దక్కలేదు. అడవి వేట రాజు వేట కనుక కావ్య గౌరవం పొందింది. మనుచరిత్రలో స్వరోచి వేట ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. కావ్యానికి చెప్పిన అష్టాదశ వర్ణనలలో సముద్ర వర్ణన ఉంది, జలక్రీడ ఉంది. కడలి అలలనూ ఘోషనూ రత్నాలనూ వర్ణించే సంప్రదాయమది. ఆ అలల మీద చిన్న తెప్పలో కూర్చుని దారం పట్టుకున్న మనిషి అందులో కావ్యవస్తువు కాలేదు.

వాడుక భాష ఇందుకు భిన్నం. ‘గాలం వేయడం’, ‘ఎర చూపడం’, ‘గాలానికి చిక్కడం’ అనే పలుకుబళ్ళు తెలుగువారందరికీ తెలుసు. వీటన్నింటిలోనూ ఒక తంత్రం, ఒక లాభాపేక్ష కనిపిస్తాయి. గాలం వేసి తీరికగా, నిశ్చింతగా కాలం గడిపే భావన ఒక్క పలుకుబడిలోనూ కనిపించదు. గాలాన్ని జాతీయాలుగా మలచిన జనానికి అది ఉల్లాస సాధనం కాదు, పొట్ట నింపే పనిముట్టు. వినోదంగా గాలం వేయడం ఈ నేలకు తెలియనిదని దీనివల్ల చెప్పలేం. అది మరొక వర్గం చేతిలో, మరొక భాషలో వృద్ధి పొందింది.

2. రాజుగారి మత్స్యవినోదం

గాలపు వేటను వినోదంగా శాస్త్రబద్ధం చేసిన ప్రాచీన గ్రంథ భాగం ఒకటి దక్కనులోనే పుట్టింది. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు (పాలన 1126–1138) సంస్కృతంలో రచించిన ‘మానసోల్లాసం’ అయిదు వింశతులుగా, నూరు అధ్యాయాలుగా సాగే విజ్ఞాన కోశం. దానికి ‘అభిలషితార్థ చింతామణి’ అని మరో పేరు. అందులో నాలుగవదైన వినోద వింశతిలో రాజు కాలక్షేపాల నడుమ ‘మత్స్యవినోదం’ కూడా ఉంది. సోమేశ్వరుని రాజధాని కల్యాణి నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణ్. అప్పటికి కాకతీయులు చాళుక్యులకు సామంతులు. కనుక తెలంగాణ నేల ఆ రాజ్య పరిధిలోనిదే.

ఈ అధ్యాయంలో ముప్పైకి పైగా చేపల పేర్లు ఉన్నాయి. వాటిని సముద్రంలో ఉండేవి, మంచినీటిలో ఉండేవి అనీ, పొలుసులు ఉన్నవి, లేనివి అనీ విభజించారు. గాలపు కర్ర, దారం, కొక్కెం, ఏ చేపకు ఏ మేత అన్న విషయాలనూ వివరించారు. జంతుశాస్త్రవేత్త సుందర్ లాల్ హోరా 1951లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ఈ అధ్యాయాన్ని పరిశీలిస్తూ వ్యాసం ప్రకటించాక ఇది ఆధునిక మత్స్యశాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది. ఆంగ్లంలో గాలపు వేట మీద తొలి ముద్రిత రచనగా పేరొందిన ‘ఎ ట్రీటైజ్ ఆఫ్ ఫిషింగ్ విత్ ఆన్ యాంగిల్’ వెలువడింది 1496లో. సోమేశ్వరుని గ్రంథం అంతకు మూడున్నర శతాబ్దాలకు పైగా ముందుది.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటుంది. కల్యాణి నగరం సముద్రానికి దూరం. అక్కడి రాజసభ గ్రంథంలో సముద్రపు చేపల వివరాలు ఉన్నాయంటే ఆ పరిజ్ఞానం తీరం నుంచే వచ్చి ఉండాలి. చేపను పట్టి, దాని తిండి ఏమిటో ఎరిగి, దానికి పేరు పెట్టినవారు చెబితే తప్ప ఆ సంగతులు పండితునికి అందవు. గ్రంథం మాత్రం రాజు వినోదానికి సంబంధించినదే. వేటగాడి ఎరుక రాజు వినోదంలోకి ప్రవేశించింది. వేటగాడు ప్రవేశించలేదు.

3. తెప్ప మీది పేర్లు

తీరంలోని వేటగాడి మాట తెలుగు పేరుతోనే అచ్చుకెక్కడానికి దాదాపు ఏడు శతాబ్దాలు పట్టింది. స్కాట్లండుకు చెందిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1780ల తొలినాళ్ళలో విశాఖపట్నం చేరాడు. తరువాత ఈస్టిండియా కంపెనీకి కర్ణాటక ప్రాంత ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. విశాఖలో సేకరించిన రెండువందల చేపల వర్ణనలనూ చిత్రాలనూ 1803లో లండనులో రెండు సంపుటాలుగా ప్రకటించాడు. ఆ గ్రంథంలో చేపల శీర్షికలుగా ఉన్నవి ఎక్కువగా స్థానికులు చెప్పిన పేర్లే. ఆంగ్ల లిపిలో, ఆంగ్లేయుని చెవికి వినిపించినట్లు రాసిన తెలుగు పేర్లవి: కనగుర్త, మూకలీ పారా, తోల్ పారా, పాల సొర, ఎరెగూడూ టెంకీ.

ఈ పేర్లు అక్కడితో ఆగలేదు. ఫ్రెంచి శాస్త్రవేత్త క్యువియే రస్సెల్ పుస్తకాన్ని ఆధారం చేసుకుని పలు చేపలకు శాస్త్రీయ నామాలు ఇచ్చాడు. కానాగంత, కానాగడత వంటి రూపాలలో తీరంలో నేటికీ వినిపించే చేప ప్రపంచమంతటా ‘రాస్ట్రెల్లిజర్ కనగుర్త’. పార చేపల్లో ఒకటి ‘ట్రాకినోటస్ మూకలీ’, మరొకటి ‘స్కాంబెరాయిడిస్ తోల్’. టేకు చేపల్లో ఒకదానికి 1849లో కాంటర్ పెట్టిన పేరు ఇప్పుడు ‘మోబులా ఎరెగూడూ’గా చెల్లుతోంది. ‘తోల్’ అన్నది మన ‘తోలు’ కావచ్చు. ఈ జాతి చేపలను ఆంగ్లంలోనూ ‘లెదర్ స్కిన్’ అనడం ఈ ఊహకు బలమిస్తుంది.

ఈ పేర్ల నిర్మాణం భాషా పరిశోధకులకు మరింత ఆసక్తికరం. పార, సొర, టెంకి, జెల్ల అనేవి జాతి వాచకాలు. వాటి ముందు చేరే మాట ఆ జాతిలో ఒక రకాన్ని వేరు చేస్తుంది. లిన్నేయస్ పద్ధతిలో ప్రజాతి పేరు ముందు, జాతి పేరు తరువాత వస్తాయి. తెలుగులో విశేషణం ముందు, విశేష్యం తరువాత వస్తాయి. క్రమం తిరగబడినా విభజనలోని తర్కం ఒకటే. చదువు సంధ్యలు లేవని సమాజం భావించిన వ్యక్తి తెప్ప మీద ద్వినామ పద్ధతిని వాడుతూనే ఉన్నాడన్నమాట.

ఆ తెప్ప గురించి కూడా ఒక మాట చెప్పాలి. తేలిక దుంగలను తాళ్ళతో బిగించి కట్టే సాధనమది. వేట ముగిసి ఒడ్డుకు చేరాక కట్లు విప్పి దుంగలను ఆరబెడతారు. నీరు లోపలికి వచ్చినా మునగదు, అలలు విరిగే చోట కూడా దాటిపోగలదు. తమిళ ‘కట్టుమరం’ ఆంగ్ల నిఘంటువుకెక్కింది. తెలుగు ‘తెప్ప’కు ఆ యోగం పట్టలేదు. జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల రూపకల్పన గురించి ప్రకటించిన పరిశోధనలో తూర్పు తీరపు కట్టుమరాల రకాలను వేరు వేరుగా పరిశీలించాడు. ఈ చిన్న సాధనం మీద నుంచే గాలంతో వంజరాన్నీ, పారనూ, పెద్ద తూర చేపనూ పట్టే నేర్పు ఉత్తరాంధ్ర మత్స్యకారులది. నేడు పలు దేశాల్లో చిన్న పడవల మీద వినోదం కోసం సముద్రంలో గాలం వేసేవారు కోరుకునే చేపలూ ఈ కుటుంబాలవే. అక్కడ అదొక క్రీడ. దానికి సంఘాలు, పోటీలు, పత్రికలు ఉన్నాయి. ఇక్కడ అదే నేర్పు రోజువారీ కూలి.

4. దొరల గాలం, దక్కను చెరువు

తీరంలో వేటగా మిగిలిన గాలం, లోనాడులో మరో మారు వినోద రూపం దాల్చింది వలస పాలన కాలంలో. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’, 1887లో ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ ప్రకటించాడు. మొదటిదానిలో ఏటి చేపలకు, ముఖ్యంగా మహసీరుకు, పెద్దపీట. రెండవది ప్రత్యేకంగా చెరువుల గురించి రాసినది. దక్షిణాదిలో ఉద్యోగం చేసే దొరకు కొండ ఏరు అందుబాటులో లేకపోవచ్చు, ఊరి చెరువు మాత్రం ఉంటుంది. సాగు కోసం తవ్విన చెరువు ఈ పుస్తకంతో క్రీడాస్థలమైంది.

మానసోల్లాసానికీ థామస్ గ్రంథాలకూ మధ్య ఏడున్నర శతాబ్దాల దూరం ఉంది. భాష, మతం, పాలన అన్నీ మారాయి. మారనిది ఒకటే: తీరిక ఉన్నవాడే గాలం గురించి గ్రంథం రాశాడు.

5. సాగరాల నగరం

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాదును అతలాకుతలం చేసింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు నగరానికి ఎగువన వరద నీటిని ఆపే జలాశయాలు నిర్మించారు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద నివారణకూ తాగునీటికీ కట్టిన ఈ జలాశయాలు కాలక్రమంలో నగరవాసుల విహార స్థలాలయ్యాయి. గట్ల మీద సెలవు రోజు గాలం వేసే నగరవాసులూ, లోపల చిన్న తెప్పల మీద వల వేసే గంగపుత్ర, ముదిరాజు వృత్తిదారులూ ఒకే నీటిని పంచుకుంటారు. 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీను ఇద్దరికీ ఇష్టమైనదే. ఒకరికి అది ఆ రోజు ముచ్చట, మరొకరికి ఆ రోజు సంపాదన.

ఈ నీటి భవితవ్యం నిశ్చితం కాదు. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలనూ భారీ నిర్మాణాలనూ నియంత్రిస్తూ 1996 మార్చి 8న 111వ జీవో వచ్చింది. శంషాబాదు మండలంలోని గ్రామాలు కూడా ఆ పరిధిలోనివే. ఆ మండలంలోని పెద్దషాపూరులో తలపెట్టిన ఒక పరిశ్రమ విషయంలో సుప్రీంకోర్టు 1999లో, 2000లో ఇచ్చిన తీర్పులు ముందుజాగ్రత్త సూత్రానికి ప్రామాణికమయ్యాయి. 2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమయ్యాక చుట్టుపక్కల భూమి స్వరూపం వేగంగా మారింది. 2022లో ప్రభుత్వం 111వ జీవో ఆంక్షలను షరతులతో సడలించింది. జలాశయం చెడితే నగరవాసి మరో వినోదం వెతుక్కోగలడు. వృత్తిదారు పోగొట్టుకునేది జీవనాన్ని. దానితోపాటు ఆ నీటిలోని చేపల తావులను, కాలాలను, మేతలను తెలిపే మాటలనూ పోగొట్టుకుంటాడు.

6. ముగింపు

ఈ పరిశీలనలో తేలినది ఇది. తెలుగు నేలపై గాలపు వేటలో వినోదానికీ జీవనానికీ తేడా నేర్పులో లేదు, నమోదులో ఉంది. రాజు వినోదం సంస్కృతంలో, దొర వినోదం ఆంగ్లంలో గ్రంథస్థమయ్యాయి. వాటికి ఆధారమైన ఎరుక తెలుగులో, వృత్తిదారుల నోట మిగిలింది. రస్సెల్ పేర్లు అడిగి రాసుకున్నాడు కనుకనే కొన్ని తెలుగు మాటలు లోక వ్యవహారానికెక్కాయి. ఆ చేపను పట్టి, పేరు చెప్పినవాడు ఎవరో ఆ శాస్త్రీయ నామాలు తెలుపవు.

1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశాల కృషి, భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో, వృత్తిదారుని నోటి మాటను శాస్త్రీయంగా సేకరించే మార్గం చూపింది. గాలపు వేటకు ఆ పద్ధతిని రెండు చోట్ల ఏకకాలంలో వర్తింపజేయాలి. విశాఖ తీరంలో రస్సెల్ ఇచ్చిన రెండువందల పేర్లను నేటి మత్స్యకారుల ముందుంచి, ఏవి నిలిచాయో, ఏవి మారాయో, ఏవి మాసిపోయాయో గుర్తించాలి. హిమాయత్ సాగర్ చుట్టుపక్కల గ్రామాలలో వృత్తిదారుల మాటలనూ, వినోదంగా గాలం వేసే నగరవాసుల మాటలనూ పక్కపక్కన సేకరించాలి. ఒకే చేపకు, ఒకే కొక్కేనికి ఆ ఇద్దరూ ఏమంటారో పోల్చి చూస్తే వేటకూ వినోదానికీ మధ్య భాష గీసిన గీత ఎక్కడుందో స్పష్టమవుతుంది. తీరంలో మరపడవలు తెప్పలను పక్కకు నెడుతున్నాయి, జలాశయం చుట్టూ ఊళ్ళు నగరంలో కలిసిపోతున్నాయి. ఈ మాటలు చెప్పగలిగిన తరం ఉండగానే ఆ పని జరగాలి.