పదకొండు మంది ఆట, ఒక బడి పేరు

ఎండాకాలం సెలవులు అయిపోయే రోజుల్లో మన గూడేలకూ తండాలకూ కొత్త మనుషులు వస్తుంటారు. పట్నంలోని ఏదో ప్రైవేటు బడి తరఫున వచ్చామంటారు. "మీ వాడు బాగా పరిగెత్తుతాడట కదా, కబడ్డీ బాగా ఆడతాడట కదా" అని ఆరా తీస్తారు. ఫీజు వద్దంటారు. హాస్టల్, బూట్లు, గుడ్లు, పాలు అన్నీ తామే చూసుకుంటామంటారు. తల్లిదండ్రులు సంతోషపడతారు. అందులో తప్పేమీ లేదు. మూడెకరాల పోడు మీద బతికే ఇంటికి అది చిన్న మాట కాదు. ఏడాది తిరిగేసరికి ఆ బడి గేటు మీద మన పిల్లవాడి ఫోటోతో ఫ్లెక్సీ కడతారు. ఆ ఫ్లెక్సీ చూసి పట్నం వాళ్లు డబ్బు కట్టి తమ పిల్లల్ని అక్కడ చేరుస్తారు.

ఈ బేరంలో బడికి ఏం దక్కింది? మన పిల్లవాడికి ఏం దక్కింది? ఈ ప్రశ్న మనకు కొత్తగా తోచవచ్చు గానీ ప్రపంచానికి పాతదే. వందేళ్ల కిందట మనలాంటి ఆదివాసులే ఒక బడి గురించి దీన్ని అడిగారు. పాఠాల్లో 'రెడ్ ఇండియన్లు' అని మనం చదువుకున్న అమెరికా ఆదివాసులు వాళ్లు. ఆ బడి పేరు కార్లైల్. దాని కథ మన టీచర్లూ యువకులూ తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో కార్లైల్ అనే ఊరు ఉంది. 1879లో అక్కడి పాత సైనిక బారకాసుల్లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి ఆదివాసి పిల్లల కోసం ఒక బడి తెరిచాడు. పిల్లల్ని వందల మైళ్ల దూరం నుంచి రైళ్లలో తెచ్చారు. రాగానే జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, యూనిఫాం తొడిగారు. సొంత భాష మాట్లాడితే శిక్ష. సగం పూట చదువు, సగం పూట పని. పిల్లవాడిలోని ఆదివాసిని చంపితేనే మనిషి బతుకుతాడన్నది ప్రాట్ సిద్ధాంతం. 1918లో మూతపడేలోగా 140కి పైగా తెగలకు చెందిన సుమారు 7,800 మంది పిల్లలు ఆ బడి చూశారు. చదువు పూర్తిచేసి పట్టా తీసుకున్నవాళ్లు పదిమందిలో ఒకరికి మించి లేరు. జబ్బులతో ఎంతోమంది చనిపోయారు. బడి శ్మశానంలోనే 180కి పైగా సమాధులు ఉన్నాయి.

అయినా అమెరికా జనానికి కార్లైల్ అంటే ముందుగా గుర్తొచ్చింది ఆ సమాధులు కాదు, ఫుట్‌బాల్. మనం ఆడే ఫుట్‌బాల్ కాదిది. కోడిగుడ్డు ఆకారం బంతిని చేత పట్టుకుని పరిగెత్తే ఆట. ఎదుటివాణ్ని ఢీకొట్టి కింద పడేయడం అందులో భాగం.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ ఆటను మొదట బడి రుద్దలేదు. ఒక విద్యార్థి కాలు విరగడంతో ప్రాట్ బయటి జట్లతో ఆడొద్దన్నాడు. 1893లో పిల్లలే వెళ్లి మళ్లీ ఆడనివ్వమని అడిగారు. ప్రాట్ రెండు షరతులు పెట్టాడు. ఎదుటివాళ్లు కొట్టినా తిరిగి చెయ్యి చేసుకోకూడదు. కొన్నేళ్లలో దేశంలోని పెద్ద జట్లను ఓడించాలి. మొదటి షరతు పిల్లల నడత గురించి. రెండోది బడి పేరు గురించి. ఆ రెండో షరతే క్రమంగా బడిని మింగేసింది.

1899లో గ్లెన్ వార్నర్ అనే కోచ్ వచ్చాడు. అందరూ 'పాప్' వార్నర్ అనేవాళ్లు. ఆట తెలివి ఉన్నవాడు. మధ్యలో కొన్నేళ్లు వెళ్లిపోయి 1907లో తిరిగొచ్చాడు. కార్లైల్ పిల్లలు ఒంటి బరువులో తక్కువ, పరుగులోనూ ఉపాయంలోనూ ఎక్కువ. 1906లో బంతిని ముందుకు విసరడానికి నిబంధనలు ఒప్పుకోగానే, ఆ విద్యను అందరికంటే బాగా వాడుకున్నది వీళ్లే. 1907లో పదకొండు ఆటల్లో పది గెలిచారు. హార్వర్డ్‌ను 23–15తో ఓడించారు. 1912 నవంబర్‌లో వెస్ట్ పాయింట్‌లో సైనిక అకాడమీ జట్టును 27–6తో ఓడించారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ ఆ రోజు ఓడిన జట్టులో ఆడాడు. ఉండెడ్ నీ దగ్గర సైన్యం లకోటా ఆదివాసుల్ని ఊచకోత కోసి అప్పటికి 22 ఏళ్లే అయింది. ఆ గెలుపు ఆదివాసి పిల్లల గుండెల్లో ఎంత గర్వం నింపి ఉంటుందో మనం ఊహించుకోగలం. ఆ గర్వాన్ని మనం తక్కువ చేయడం లేదు. అది వాళ్ల కష్టార్జితం.

అయితే ఆ ఆట బడి లోపల ఏం చేసిందో కూడా చూడాలి.

పెద్ద జట్లను ఓడించాలంటే మంచి ఆటగాళ్లు కావాలి. కాబట్టి వెతుకులాట మొదలైంది. కాన్సాస్ రాష్ట్రంలోని హాస్కెల్ అనే మరో ఆదివాసి బడిలో ఆడినవాళ్లు కొందరు తర్వాత కార్లైల్ జట్టులో తేలారు. ఆటగాళ్లకు వేరే వసతి, వేరే తిండి ఏర్పాటయ్యాయి. కార్లైల్ పేరుకు సర్కారు బడే. కానీ టిక్కెట్ల మీద వచ్చిన డబ్బు సర్కారు ఖాతాలోకి పోలేదు. దాన్ని ఒక అథ్లెటిక్ సంఘం చేతిలో పెట్టారు. ఆ సంఘాన్ని నడిపింది బడి పెద్దలూ కోచూ. ఒకే ఆవరణలో రెండు బడులు తయారయ్యాయని చెప్పవచ్చు. ఒకటి పత్రికల్లో కనిపించే బడి. రెండోది మిగిలిన పిల్లలు చీకట్లోనే లేచి పనికి పోయే బడి.

దీన్ని మొదట బహిరంగంగా ఎత్తి చూపింది కూడా ఒక ఆదివాసే. కార్లోస్ మాంటెజుమా యావపై తెగవాడు. చిన్నప్పుడే అపహరణకు గురై, చివరికి డాక్టరయ్యాడు. ఒకప్పుడు కార్లైల్‌లోనే వైద్యుడిగా పనిచేశాడు. 1907లో జట్టు గెలుపుల మీద ఊరేగుతున్న రోజుల్లోనే అతను చికాగో పత్రికకు రాశాడు. ఆడేవాళ్లలో కొందరు చదువుకునే పిల్లలు కారనీ, ఆట కోసమే అట్టిపెట్టినవాళ్లనీ విమర్శించాడు. మన బడి గెలుస్తుంటే మనవాడే వేలెత్తి చూపడం తేలిక కాదు. అతను ఆ పని చేశాడు.

ఇక జిమ్ థోర్ప్ సంగతి. సాక్ అండ్ ఫాక్స్ తెగవాడు. 1904లో కార్లైల్ చేరాడు. 1909, 1910ల్లో ఉత్తర కరోలినాలో కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడాడు. అప్పట్లో వేసవిలో అలా ఆడే కాలేజీ కుర్రాళ్లు చాలామంది మారుపేర్లు పెట్టుకునేవాళ్లు. థోర్ప్ సొంత పేరుతోనే ఆడాడు. 1911లో అతన్ని మళ్లీ కార్లైల్‌కు రప్పించారు. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ బంగారు పతకాలు గెలిచాడు. అదే ఒలింపిక్స్‌లో కార్లైల్ నుంచే వెళ్లిన హోపి తెగవాడు లూయిస్ టెవానిమా 10,000 మీటర్ల పరుగులో వెండి పతకం తెచ్చాడు. సర్కారు బడిని ఎదిరించిన హోపీల్లో ఒకడిగా సైనికులు పట్టుకుని కార్లైల్‌కు పంపిన మనిషి అతను. దేశం అతన్ని బందీగా తీసుకొచ్చి, వీరుడిగా ఊరేగించింది.

1913 జనవరిలో థోర్ప్ బేస్‌బాల్ సంగతి పత్రికల్లోకి ఎక్కింది. డబ్బుకు ఆడినవాడు ఒలింపిక్స్‌కు పనికిరాడన్నది ఆనాటి నియమం. ఫిర్యాదు ఏదైనా 30 రోజుల్లోగా చేయాలన్నదీ నియమమే. ఆ గడువు ఎప్పుడో దాటింది. అయినా పతకాలు లాక్కున్నారు. అతని వల్ల పేరు తెచ్చుకున్న బడి పెద్దలు తమకేమీ తెలియదన్నారు. తప్పంతా తెలియక చేశానని ఒప్పుకునే ఉత్తరం థోర్ప్ పేరు మీద వెళ్లింది. గెలుపు బడిదైంది, తప్పు మాత్రం పిల్లవాడిదైంది. థోర్ప్ 1953లో చనిపోయాడు. 1982లో అతన్ని ఉమ్మడి విజేతగా ఒప్పుకున్నారు. ఏకైక విజేతగా గుర్తించడానికి 2022 దాకా పట్టింది.

కార్లైల్ గుట్టు బయటపెట్టింది చివరికి విద్యార్థులే. గస్ వెల్చ్ ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్. వెస్ట్ పాయింట్‌లో గెలిచిన జట్టును నడిపినవాడు. అతను ముందు నిలబడి, రెండు వందల మందికి పైగా విద్యార్థుల సంతకాలతో అర్జీ పంపించాడు. 1914లో అమెరికా కాంగ్రెస్ సంయుక్త సంఘం కార్లైల్ వచ్చి విచారణ జరిపింది. పిల్లలకు కడుపు నిండా తిండి లేదని తేలింది. ఒక విద్యార్థినిని కొట్టిన సంగతి, కొందరు ఆటగాళ్లకు డబ్బు ముట్టిన సంగతి, అథ్లెటిక్ నిధిని ఇష్టం వచ్చినట్టు ఖర్చు పెట్టిన సంగతి బయటికొచ్చాయి. కోచ్ నోటి దురుసు గురించి కూడా పిల్లలు సాక్ష్యం చెప్పారు. బడి సూపరింటెండెంట్ పదవి పోయింది. వార్నర్ ఆ సీజన్ ముగించుకుని పిట్స్‌బర్గ్‌కు వెళ్లిపోయాడు. నాలుగేళ్లకు బడి మూతపడింది. ఆట వల్ల అంత పేరొచ్చినా ఆ పేరు బడిని నిలబెట్టలేకపోయింది.

ఈ కథలో మనకు కావలసిన మనిషి గస్ వెల్చ్ అనుకుంటాం. ఆట వల్ల ఎక్కువ లాభపడినవాడే, ఆడని పిల్లల ఆకలి గురించి మాట్లాడాడు.

మన దగ్గర కూడా అలాంటి వెలుగు ఉంది. జైపాల్ సింగ్ ముండా రాంచీ మిషనరీ బడిలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో హాకీ ఆడి, 1928 ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌లో భారత జట్టుకు కెప్టెన్ అయ్యాడు. ఆట అతన్ని తన వాళ్లకు దూరం చేయలేదు. 1939లో ఆదివాసి మహాసభ నాయకుడయ్యాడు. 1946లో రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున గొంతెత్తాడు. అతనికి ఆటతోపాటు చదువు కూడా దక్కింది. ఆ తేడాను గుర్తుపెట్టుకోవాలి.

ఆటల కోసం పిల్లల్ని తీసుకెళ్లే బడులన్నీ చెడ్డవని మేం అనడం లేదు. మంచి పి.ఈ.టి. సారు చేతిలో పడి బాగుపడ్డ పిల్లలు మన ఊళ్లలోనే ఉన్నారు. కానీ ఈసారి ఎవరైనా వచ్చి పిల్లవాణ్ని అడిగితే, తల్లిదండ్రుల పక్కన కూర్చుని మన టీచర్లూ చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ నాలుగు ప్రశ్నలు అడగాలి. మోకాలికి దెబ్బ తగిలితే మందులు ఎవరు ఇప్పిస్తారు? ఆడలేకపోతే చదువు కొనసాగుతుందా, ఇంటికి పంపేస్తారా? పోటీలకు పోయిన రోజుల పాఠాలు మళ్లీ ఎవరు చెబుతారు? పండగకు ఇంటికి పంపుతారా, వాడి భాషలో వాడు మాట్లాడుకోవచ్చా? వీలైతే జవాబులు కాగితం మీద రాయించుకోవాలి.

ఆ తర్వాత బడిని ఒకసారి చూసి రావాలి. గేటు మీది ఫ్లెక్సీ చూసి తిరిగి రాకూడదు. లోపలికి వెళ్లి, ఏ జట్టులోనూ లేని పిల్లవాడి పళ్లెంలో ఏముందో, వాడి నోట్సులో ఏముందో చూడాలి. బడి అసలు పేరు అక్కడే తెలుస్తుంది.