ముందుగా చేరినవాళ్ళు: గుంటూరు, ప్రకాశం నేలమీద సహాయకుల మనోవ్యథకు ఒక చరిత్ర

1977 నవంబరు 19, శనివారం నాడు తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. చీరాల అప్పుడు ప్రకాశం జిల్లాలో ఉండేది, ఆ జిల్లా ఏర్పడి ఏడేళ్ళే అయింది. పక్కనున్న బాపట్ల అప్పట్లో గుంటూరు జిల్లాది. తుపాను కన్నుకు కుడివైపున గాలి సముద్రాన్ని ఒడ్డుమీదికి తోస్తుంది కనుక అసలు ఉప్పెన ఇంకా ఈశాన్యంగా, కృష్ణా జిల్లా దివిసీమ మీద పడింది. మృతుల సంఖ్య ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల దాకా చేరింది. బాపట్లలో ఒక చర్చిలో తలదాచుకున్న జనం మీద కట్టడం కూలి సుమారు వందమంది చనిపోయారు. ఇవన్నీ పుస్తకాల్లోకెక్కిన సంగతులు. ఆ మర్నాటి నుంచి శవాలను ఎత్తినవారి సంగతి పుస్తకాల్లో తక్కువ.

వరి కోతల కాలం అది. చేలల్లో, కాలవల్లో, తుమ్మ కంపల్లో మనుషుల శవాలూ పశువుల కళేబరాలూ కలిసి పడి ఉన్నాయి. రోడ్లు తెగాయి, తీగలు తెగాయి. ముందుగా చేరింది పక్క ఊళ్ళ జనమే. వారి వెనక పోలీసులు, కరణాలు, మునసబులు, తలారులు, వెట్టివాళ్ళు వచ్చారు. తర్వాత రామకృష్ణ మిషన్, రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్, క్రైస్తవ సేవాసంస్థల కార్యకర్తలు వచ్చారు. మదర్ థెరిసా వచ్చి చూశారు. అవనిగడ్డ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు పేరు ఆ సహాయ కార్యక్రమాలతో విడదీయలేనంతగా ముడిపడింది. గుర్తుపట్టడానికి వీల్లేని దేహాలను రోజుల తరబడి సామూహికంగా దహనం చేశారు. ఊళ్ళో శవాన్ని ముట్టే పని ఎవరి వంతుకు వస్తుందో మన సమాజం ఏనాడో నిర్ణయించి పెట్టింది. ఉప్పెన తర్వాత కొన్నాళ్ళు ఇతరులూ ఆ పనికి చేతులు కలిపారు. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ పని మళ్ళీ పాత భుజాల మీదికే వచ్చింది.

కూలిన ఇళ్ళు, చచ్చిన పశువులు, ఉప్పు పట్టిన ఎకరాలు లెక్కకెక్కాయి. సహాయం చేసినవాడు కూడా దెబ్బతింటాడన్న ఊహ ఆనాటి పాలనకు లేదు. ఆ తప్పు ఒక్క మన పాలనదే అనడం న్యాయం కాదు. ఘోరాన్ని చూసినవారి మనసుకు తగిలే గాయాన్ని అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగ వర్గీకరణ గ్రంథంలో ఒక వ్యాధిగా చేర్చిందే 1980లో. ఇక్కడ 1977లో మానసిక వైద్యమంటే విశాఖపట్నం ఆసుపత్రి, లేదంటే హైదరాబాదు ఎర్రగడ్డ. ఆ రెండు పేర్లలో ఏది పలికినా పరువు పోతుందని భయపడే రోజులవి. నిద్రపట్టని తలారి ఎర్రగడ్డకు వెళతాడా? వెళ్ళడు. తాగుతాడు, లేదా మౌనంగా ఉంటాడు. ఈ మాటకు దస్తావేజు చూపలేం. దస్తావేజు పుట్టే వీలే లేకపోయింది.

సముద్రం నుంచి వచ్చిన చావు ఒక్క రాత్రిది. తర్వాతి దశాబ్దంలో నల్లరేగడి చేల నుంచి వచ్చిన చావు ఏళ్ళ తరబడి సాగింది.

1970ల్లో హైబ్రిడ్ పత్తి ఈ రెండు జిల్లాల నల్లరేగళ్ళను ఆక్రమించింది. పర్చూరు, మార్టూరు, చిలకలూరిపేట, నరసరావుపేట ప్రాంతాల్లో కౌలు రేట్లు ఆకాశానికెక్కాయి. 1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. మొదటి ఏళ్ళలో పురుగు మాయమైంది. మందు మీద మందు కలిపి, పంటకాలంలో పదిహేను ఇరవైసార్లు కొట్టేదాకా వెళ్ళింది సేద్యం. పురుగును తినే మిత్రపురుగులు నశించాయి. దశాబ్దం నడిమికి తెల్లదోమ విరుచుకుపడింది, దాని వెనకే మందుకు లొంగని శనగపచ్చ పురుగు వచ్చింది. 1987-88లో పంట పోయి, మందుల కొట్టులో అప్పు మిగిలి, ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. పత్తి రైతుల ఆత్మహత్యల చరిత్ర 1997-98 నాటి వరంగల్‌తో మొదలైనట్టు చాలామంది రాస్తారు. దానికి పదేళ్ళ ముందే ఇక్కడ జరిగింది.

అప్పుడు అంబులెన్సు లేదు. ‘మందు తాగాడు’ అన్న కేక వినగానే పరుగెత్తేది పక్క చేలో ఉన్నవాడు. ఉప్పునీళ్ళో సబ్బునీళ్ళో పట్టించి కక్కించే ప్రయత్నం చేసేవాళ్ళు. అది మంచికంటే చెడే ఎక్కువ చేస్తుందని వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు చేతులెత్తేస్తే ట్రాక్టరు మీదో, దారిన పోయే ఆర్టీసీ బస్సులోనో గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేవాళ్ళు. బావమరిదో, పాలేరో, పక్కింటి కుర్రవాడో ఆ మనిషి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ప్రాణం దారిలోనే పోతే ఇంటికి ఆ కబురు మోసుకెళ్ళాల్సింది కూడా అతనే. ఆర్గానోఫాస్ఫేటు విషంలో ఊపిరితిత్తులు నీటితో నిండుతాయి. అట్రోపిన్ సకాలంలో అందాలి, ఊపిరి ఆడించే యంత్రం ఉండాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందు విషంతో చేరినవారు 8,040 మంది. అందులో 22.6 శాతం మంది బతకలేదని అక్కడి వైద్యుల అధ్యయనం తేల్చింది. ఆసుపత్రి చేరాక కూడా అంతమంది పోయారంటే, దారిపొడవునా చూస్తూ కూర్చున్నవారు ఎన్ని మరణాలకు సాక్షులో ఊహించవచ్చు.

చట్టం ఈ బరువును పెంచింది. అప్పటి భారత శిక్షాస్మృతి 309వ సెక్షను ప్రకారం ఆత్మహత్యాయత్నం నేరంగా ఉండేది. కేసు భయంతో ఇంటివాళ్ళు ‘పొరపాటున తాగాడండీ’ అనేవారు, కొందరు అసలు తాగలేదనేవారు. ఏ మందు తాగాడో తెలిస్తే తప్ప వైద్యం దారిలో పడదు. తోడు వచ్చినవాడికి నిజం తెలుసు. చెబితే కేసు, చెప్పకపోతే ప్రాణం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షను ఈ ముడిని విప్పింది: ఆ పనికి పాల్పడిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలయ్యాక పాత 309 ఆ రూపంలో మిగల్లేదు. రోగికోసం చేసిన ఈ సంస్కరణ, రోగిని మోసుకెళ్ళేవాడికీ ఊరటనిచ్చిందని నేననుకుంటాను.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైంది. కొద్ది ఏళ్ళలో అది పల్లెలకు చేరింది. అంతకుముందు ఊరంతా పంచుకున్న భారం ఇద్దరి మీదికి వచ్చింది: ఒక ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయకుడు), ఒక పైలట్ (అంబులెన్సు నడిపేవాడు). పాత రోజుల్లో మనిషి జీవితంలో రెండు మూడుసార్లు ఎదురయ్యే దృశ్యం వీళ్ళకు ఒక్క షిఫ్టులోనే ఎదురవుతుంది. కాన్పు కేసు దించి, మార్టూరు దగ్గర హైవే మీద లారీ గుద్దిన కేసుకు వెళ్ళి, అక్కణ్ణుంచి మిరప చేను గట్టుకు చేరాలి. ‘అమ్మా, ఏ మందో ఆ డబ్బా తీసుకురండి’ అని ఏడుస్తున్న ఇల్లాలిని అడగాలి. ఆసుపత్రి క్యాజువాలిటీలో స్ట్రెచర్ అప్పగించాక ఆ మనిషి బతికాడో లేదో వీళ్ళకు చాలాసార్లు తెలియదు. నా దృష్టిలో ఈ వృత్తిలో అన్నిటికంటే క్రూరమైన భాగం ఇదే. చేసిన మంచికి ఫలితం తెలియదు, చూసిన ఘోరం మాత్రం గుర్తుంటుంది. 108 ఉద్యోగుల ఆందోళనల్లో పదేపదే వినిపించినవి ఎనిమిది గంటల పని, సకాలంలో జీతం. మనసు గురించిన కోరికలుగా వాటిని ఎవరూ చదవలేదు. అవి అవే.

లోకం వెతికిన మందు మరోలా ఉంది. ఫైర్‌మన్‌గా, అంబులెన్సు సిబ్బందిలో ఒకడిగా పనిచేసిన అమెరికన్ జెఫ్రీ మిచెల్ 1983లో ఒక పద్ధతి ప్రతిపాదించాడు. ఘోర ఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే సిబ్బందిని కూర్చోబెట్టి, చూసింది చెప్పించి, మనసు ఖాళీ చేయించడం. అది దేశదేశాలకూ పాకింది. 2002లో వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి చూసే కాక్రేన్ సమీక్ష ఈ తరహా పద్ధతులను పరీక్షించి, అలాంటి ఒక్క విడత కూర్చోబెట్టడం వల్ల తర్వాతి మానసిక వ్యాధి ఆగుతుందనడానికి ఆధారం లేదని, బలవంతంగా చేయించడం మానాలని తేల్చింది. మన దేశంలో విపత్తుల్లో మనసును కూడా పట్టించుకోవాలన్న ఆలోచన భోపాల్‌తో బలపడింది. 1984 విషవాయు దుర్ఘటన తర్వాత బెంగళూరు నిమ్హాన్స్‌కు చెందిన ఆర్. శ్రీనివాసమూర్తి వంటివారు అక్కడి మామూలు వైద్యాధికారులకే మానసిక చికిత్సలో శిక్షణనిచ్చారు. 2009 డిసెంబరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మానసిక, సామాజిక సహాయంపై మార్గదర్శకాలు వెలువరించింది. కాగితం మీద దారి ఏర్పడింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఆచరణకు వచ్చిన గట్టి అడుగు 2019 జూన్‌లో పోలీసులకు ప్రకటించిన వారానికో రోజు సెలవు. దాన్ని సంక్షేమ పథకంగా చూశారు, నేనైతే వైద్యంగా చూస్తాను. సిబ్బంది కొరతతో అది అన్ని స్టేషన్లలో ఒకేలా నిలవలేదు కూడా. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరులో తెలుగులో మాట్లాడవచ్చు. రాత్రి డ్యూటీ దిగిన పైలట్ ఆ నంబరుకు ఫోన్ చేయాలంటే ముందు నిద్ర తీరాలి, పక్కవాడు వెక్కిరించడన్న నమ్మకం ఉండాలి.

సహాయకుడి మనసును కాపాడే పని ఇంకో చోట కూడా ఉంది, దాన్ని ఎవరూ ఆ పద్దు కింద రాయరు: ప్రాణాంతకమైన పురుగుమందులను అమ్మకం నుంచి తప్పించడం. శ్రీలంక 1995లో మోనోక్రోటోఫాస్ వంటి అతి ప్రమాదకర పురుగుమందులను ఆపింది. ఆ ఏడాది అక్కడ లక్షకు 47గా ఉన్న ఆత్మహత్యల రేటు తర్వాతి పదేళ్ళలో సగానికి పడిపోయింది. మనం మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద 2005లో నిషేధించి, పత్తి మీద వదిలేశాం. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని ఆపే ఉత్తర్వు 2023లో గాని రాలేదు. తెల్లదోమ ఏళ్ళ నుంచి ఆ ఉత్తర్వు దాకా ముప్పై అయిదేళ్ళకు పైనే. అన్నేళ్ళూ పర్చూరు నుంచి, చిలకలూరిపేట నుంచి గుంటూరు దారిలో ఎవరో ఒకరు ఒక తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉన్నారు. ఉత్తర్వు తర్వాత కొట్లలో మిగిలిన డబ్బాలు ఏమయ్యాయో మండల వ్యవసాయాధికారిని అడగవలసిన ప్రశ్న. అడిగే హక్కు రైతు కుటుంబానికి ఎంతుందో, ఆ దారిన రాత్రిపూట 108 నడిపే పైలట్‌కూ అంతే ఉంది.