పంజ్‌షీర్ వారసత్వం

2001 సెప్టెంబరు 9న, విలేఖరుల వేషంలో వచ్చిన ఇద్దరు అల్‌ఖైదా మనుషులు ఆఫ్ఘన్ సేనాని అహ్మద్ షా మసూద్‌ని చంపారు. అప్పటికి కొడుకు అహ్మద్ మసూద్‌కి పన్నెండేళ్ళు. ఇరాన్‌లో బడి చదువు, బ్రిటన్‌లో శాండ్‌హర్స్ట్ సైనిక శిక్షణ, లండన్‌లో యుద్ధశాస్త్రం ముగించి 2016లో తిరిగివచ్చాడు. 2019లో పంజ్‌షీర్ లోయలో, తండ్రి సమాధి దగ్గర, అనుచరులు అతన్ని రాజకీయ వారసుడిగా ప్రకటించారు.

తండ్రి లోయ కొడుక్కి దక్కింది. తండ్రి దారులు దక్కలేదు. 1980లలో సోవియట్ దాడులకు పంజ్‌షీర్ లొంగకపోవడానికి కొండలొక్కటే కారణం కాదు (ఆ ఖ్యాతినంతా కొండలకే కట్టబెట్టడం పత్రికలకు అలవాటు). పాకిస్తాన్ వైపు కనుమల మీదుగా ఆయుధాలు వచ్చేవి. 1990ల చివర తాలిబాన్లను నిలవరించినపుడు తజికిస్తాన్ సరిహద్దు దాకా సరఫరా మార్గం తెరిచి ఉంది. ఈ పాఠం తాలిబాన్లకు బాగా వంటబట్టింది. 2021 వేసవిలో వాళ్ళు ముందు ఉత్తర జిల్లాలనే పట్టుకున్నారు. ఆగస్టు 15న కాబూల్ పడేసరికి లోయకు నాలుగు వైపులా వాళ్ళే. అహ్మద్ ఒక అమెరికన్ పత్రికలో వ్యాసం రాసి ఆయుధాలు అర్థించాడు, అవి రాలేదు. సెప్టెంబరు 6న లోయ తమదైందని తాలిబాన్లు ప్రకటించారు. ఆ తర్వాత ప్రతిఘటనకు నాయకత్వం ప్రవాసం నుంచే.

వీరగాథల్లో మరుగుపడే మరో వారసత్వం ఉంది. 1993 ఫిబ్రవరిలో కాబూల్‌లోని అఫ్షార్‌లో హజారాల మీద జరిగిన దారుణంలో, నాటి ప్రభుత్వ సేనల్లో తండ్రి సేనలూ ఉన్నాయి. అధికారాన్ని అన్ని జాతులకూ పంచాలంటున్న కొడుకు ఆ వాడ మనుషులకు ఏం సమాధానం చెబుతాడు?