ప్రవేశపెట్టుట యనగానేమి?

మన చరిత్రపుస్తకములలో ఒక క్రియాపదము మిక్కిలి అలసిపోయి యున్నది. అది 'ప్రవేశపెట్టెను' అనునది. రైలుబండిని ప్రవేశపెట్టిరి, అచ్చుయంత్రమును ప్రవేశపెట్టిరి, స్త్రీవిద్యను ప్రవేశపెట్టిరి, వితంతు వివాహమును ప్రవేశపెట్టిరి. ఇనుపబండికిని, ఆడుపిల్ల చదువునకును ఒకే క్రియ చాలునని గ్రంథకర్తలు తలంచినట్లున్నది. మేమా పదమును బహిష్కరింపుమని చెప్పబోము. కాని పిల్లలకు చరిత్ర చెప్పు ఇండ్లలో ఈ మాట నోటికి వచ్చినప్పుడెల్ల ఒక్క ప్రశ్న వేసికొనవలెనని మా మనవి. లోపల నున్నవారిని ఎవరైన అడిగిరా?

ఈ మాట కట్టుబడిని చూడుడు. ప్రవేశపెట్టుటకు ఒక యిల్లు కావలెను. వాకిట నొక వస్తువు కావలెను. దానిని లోనికి తెచ్చువాడు కావలెను. ఇంటివారి ప్రసక్తి మాత్రము వాక్యములో నుండదు. శాసనసభలో బిల్లును ప్రవేశపెట్టుదు రనునప్పుడు దీనికి వేరొక మర్యాద గలదు. అచ్చట ప్రవేశపెట్టినది నెగ్గవచ్చును, వీగిపోవచ్చును. చరిత్రపుస్తకములలో నట్లు కాదు. అందు ప్రవేశపెట్టినదంతయు నెగ్గినదే.

ఈ పదమునకు చుట్టములు పెక్కు గలవు గాని యెవరి గుణము వారిది. 'చొప్పించు' అన్నచో ఎదుటివాని యెరుక లేకుండ పని జరిగినదని యర్థము. 'శ్రీకారము చుట్టు' అనునది వ్రాతకు ముందు శ్రీ వ్రాయు నాచారమునుండియు, 'నాంది పలుకు' అనునది నాటకరంగమునుండియు వచ్చినవి. రెండును మొదలుపెట్టినవానిని కీర్తించునే గాని తరువాతి కథ చెప్పవు. 'అంకురార్పణము' వీనికంటె వినయము గల మాట. పెండ్లిలోను, దేవాలయోత్సవములోను పాలికలలో మన్ను పోసి నవధాన్యములు చల్లుదురు. చల్లుట పురోహితుని వంతు; మొలకెత్తుట ఆయన చేతిలో లేదు. ఇక 'ప్రతిపాదించు' అనుదానికి శాస్త్రములలో తెలియజెప్పి స్థాపించుట యని యర్థము. సభలు పుట్టిన పిమ్మట దాని యర్థము కొంత మారినది. ఒకరు ప్రతిపాదింతురు, మరియొకరు బలపరతురు, సభ్యు లామోదింతురు లేదా త్రోసిపుచ్చుదురు. కాదనువానికి చోటిచ్చిన క్రియ యిది యొక్కటే.

వితంతు వివాహమునే తీసికొందము. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో గ్రంథము వ్రాసి దానిని ప్రతిపాదించెను. 1856 నాటి శాసనము అనుమతించెను. వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున, తెలుగునాట మొదటిసారిగా దానిని జరిపించిరి. ప్రతిపాదించుటకు కలము చాలును, అనుమతించుటకు ముద్ర చాలును. జరిపించుటకు మాత్రము ఒక వధువు, ఒక వరుడు, వెలికి జంకని కొందరు బంధువులు, వంటకు వచ్చు ధైర్యము గల వంటవాడు కావలెను. శాసనమునకును ఈ పెండ్లికిని నడుమ ఇరువదియైదేండ్లు గడచినవి. 'ప్రవేశపెట్టిరి' అని వ్రాసినచో ఆ యిరువదియైదేండ్లును మాయమగును.

ఇది వట్టి మాటల పట్టింపు కాదని చూపుటకు మంజీరా తీరమున నున్న నేటి సంగారెడ్డి జిల్లా చాలును. ఒక్క జిల్లాలోనే ఒక యూర ప్రతిపాదించిరి. మరియొక యూర నెలకొల్పిరి.

ప్రతిపాదించినది జోగిపేటలో. దానికి పూర్వకథ హైదరాబాదున జరిగినది. 1921 నవంబరులో వివేకవర్ధనీ నాటకశాలయందు మహర్షి కార్వే అధ్యక్షతను సంఘసంస్కరణసభ కూడెను. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసములను నిశ్శబ్దముగా వినిన సభ, అల్లంపల్లి వేంకటరామారావుగారు లేచి తెలుగున మాటలాడబోగా గేలిచేసి కూర్చుండబెట్టెను. సంస్కరణము కోరి వచ్చినవారే ఆ పని చేసిరి! సొంతభాష వినబడని చోట ఏ తలంపునైనను ప్రతిపాదించుట యెట్లు? ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. ఆ సంఘ కృషి ఫలితముగా 1930 మార్చి 3, 4, 5 తేదులలో జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభ జరిగెను. సురవరము ప్రతాపరెడ్డిగా రధ్యక్షులు. అచ్చటనే మహిళాసభయు కూడెను. దానికి నడింపల్లి సుందరమ్మగా రధ్యక్షురాలు.

నాడు నిజాము రాజ్యమున గస్తీ 53 అను నుత్తరువు అమలునందుండెను. ముందుగా అనుమతి లేనిదే సభ జరుపరాదు. అనగా ప్రతిపాదించుటకే ప్రభువుల సెలవు కావలసియుండెను. బ్రిటిషు ఇండియాలో శారదాశాసనము ఆ యేప్రిల్ 1వ తేదినుండి అమలునకు వచ్చి బాలికల వివాహవయస్సును పదునాలుగుగా నిర్ణయించెను. అది నిజాము రాజ్యమునకు వర్తింపలేదు. కావున ఈ సీమ స్త్రీలకు శాసనపు టండ లేదు. సభయందు లేచి చెప్పి, ఇండ్లకు పోయి మరల చెప్పి ఒప్పింపవలసినదే. మహిళాసభను మహాసభకు తోకగా పేర్కొనుట మనవారి వాడుక గాని, పరదా చాటున నుండు కుటుంబములనుండి సభకు వచ్చి కూర్చుండుటయే ఒక తీర్మానమునకు సమానమని మా యభిప్రాయము.

ఇక పటాన్‌చెరువు. 1972లో అచ్చట దాదాపు 3,400 ఎకరములలో ఇక్రిశాట్ అను అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధనసంస్థ స్థాపింపబడెను. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ దాని ముఖ్యమైన పంటలు. వీనిలో దక్షిణ అమెరికానుండి వచ్చిన వేరుశనగ తప్ప తక్కినవి తరతరములుగా మన పొలములలో నున్నవే. అయినను క్రొత్త వంగడము వచ్చినప్పుడెల్ల పత్రికలు 'ప్రవేశపెట్టిరి' అనియే వ్రాయును. లక్షకు పైగా విత్తనపు నమూనాలను ఆ సంస్థ శీతల గిడ్డంగులలో భద్రపరచినది. 'భద్రపరచు' అనుట ఆ పనికి తగిన మాట. అదే జిల్లాలో జహీరాబాదు ప్రాంతపు బీద స్త్రీలు, ముఖ్యముగా దళితస్త్రీలు, 1983 తరువాత దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ప్రోద్బలమున సంఘములుగా కూడి కొర్ర, సామ, జొన్న వంటి పాతపంటల విత్తనములను ఇంటింట దాచి, ఒకరి కొకరు బదులిచ్చి, చేలకు మరల తెచ్చుకొనిరి. 2008లో మాచునూరున తమ సొంత రేడియో కేంద్రమునుగూడ నడుప నారంభించిరి. ఇచ్చట ప్రవేశపెట్టినవా రెవరు, ఇంటివా రెవరు? ఆ రెంటికి నడుమ గడపయే లేదు.

కర్మాగారముల మాట వేరు. 1960లలో రామచంద్రాపురమున విద్యుద్యంత్రముల కర్మాగారమును, 1970లలో పటాన్‌చెరువు పారిశ్రామికవాడను, ఆ వెనుక బొల్లారమును వరుసగా నెలకొల్పిరి. వేలమందికి అవి యన్నము పెట్టినవి. దానిని మేము కాదనము. కాని మందుల కర్మాగారమును మీ వాగు గట్టున పెట్టుదుమా యని ప్రతిపాదించి, పోచారమువారో గండిగూడెమువారో బలపరుపగా పెట్టిన దొక్కటియు లేదు. మురుగునీరు నక్కవాగులోనికిని, నక్కవాగు మంజీరలోనికిని పోయెను. బావులు చెడెను, పైరు మాడెను. 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, వ్యర్థజలములను శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటియందే సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు తేలెను. ఆ మందు మ్రింగు రోగి రక్తములో నుండు పాలుకంటె నిది హెచ్చు.

1990లో ఈ యూళ్ల పక్షమున సుప్రీముకోర్టునకు అర్జీ పోయెను. అర్జీదారు ఒక పర్యావరణ సంస్థ. అందును ఊరివారు కర్తలు కారు. అయినను రైతుల నష్టము నెంచు పనిని న్యాయస్థానము సంగారెడ్డిలోని జిల్లా న్యాయమూర్తి కప్పగించెను. బావి యెవరిది, పొలమెంత, పంట యేమి యని అధికారము గలవా రొకరు వారి నడుగుటకు, ఆ గట్టున పొగగొట్టములు లేచి పదేండ్లకు పైగా పట్టెను.