ధనుష్కోటి: రైలుతో వెలసిన రేవు

రామేశ్వరం దీవి ఆగ్నేయ కొసన, ఒకవైపు బంగాళాఖాతం, మరొకవైపు మన్నార్ సింధుశాఖ ఒరుసుకుంటూ పారే సన్నని ఇసుక పట్టీ మీద ధనుష్కోటి పట్నం ఉండేది. 1914లో పాంబన్ రైలు వంతెన ప్రారంభమై, మద్రాసు నుంచి బోట్ మెయిల్, అంటే దిగిన ప్రయాణికులకు సింహళంలోని తలైమన్నారు వెళ్లే స్టీమరును అందించే రైలు, ఇక్కడి దాకా రావడంతో, యాత్రికుల స్నానతీర్థంగా ఉన్న చోటు స్టేషను, తపాలా కార్యాలయం, కస్టమ్స్ కార్యాలయం, బడి, చర్చి గల రేవుగా ఎదిగింది.

1964 డిసెంబరు 22 రాత్రి విరుచుకుపడిన తుపానులో, గాలి తోసుకొచ్చిన సముద్రజలం, అంటే ఉప్పెన, ఊరిని ముంచెత్తడమే కాక, పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలును కూడా స్టేషను చేరకముందే మింగివేయగా, అందులోని వందమందికి పైగా మనుషుల్లో ఒక్కరూ దక్కలేదు. అదే రాత్రి పాంబన్ వంతెన గర్డర్లు, అంటే స్తంభాల మీద పట్టాలను మోసే ఉక్కు దూలాలు, 126 కొట్టుకుపోయాయి. కాకినాడ ఇంజినీరింగు కళాశాలలో చదువుకున్న ఇ. శ్రీధరన్ ఆధ్వర్యంలో ఆ వంతెన 46 రోజుల్లోనే తిరిగి నిలబడింది. ధనుష్కోటి మార్గాన్ని మాత్రం పునరుద్ధరించలేదు. ప్రభుత్వం ఆ ఊరు నివాసయోగ్యం కాదని ప్రకటించింది, స్టీమర్లు రామేశ్వరానికి మారాయి. ఊరిని కూల్చింది తుపానే అయినా, రైలు మీద బతికిన రేవుకు రైలు లేకుండా చేయడం అంతకు తక్కువ దెబ్బేమీ కాదు.

అంతకుముందు జీపులు ఇసుకలో ఈడ్చుకుంటూ వెళ్లిన ఈ తీరానికి, ముకుందరాయర్ సత్రం నుంచి అరిచల్ మునై అనే భూశిరం వరకు, 2017లో 9.5 కిలోమీటర్ల తారు రోడ్డు వచ్చింది. ఎత్తుపల్లాలు లేని ఆ దారి సైకిలుకు అనువైనదే; కాకపోతే రెండు సముద్రాల నడుమ ఎదురుగాలి వీచేటప్పుడు తొక్కడం కష్టం. మోటారు వాహనాలు నిమిషాల్లో దాటిపోయే శిథిలాలు సైకిలు వేగంలోనే నిజంగా కంటికి ఆనుతాయి. పైకప్పు లేని చర్చి గోడ దగ్గర ఆగితే, సున్నపు పూత రాలిన చోటల్లా తేనెపట్టులా చిల్లులున్న పగడపు రాళ్లు, అంటే సముద్రజీవుల గూళ్లు గట్టిపడి ఏర్పడిన రాళ్లు, బయటపడి ఉంటాయి. వంతెనను నిలబెట్టిన చరిత్రను గర్వంగా చెప్పుకునేవారు ఈ గోడలను కాపాడడంపైనా అంత శ్రద్ధ పెట్టాలి.

నివాసయోగ్యం కాదన్న ఆ ఇసుకలోనే జాలరి కుటుంబాలు తాటాకు గుడిసెలు వేసుకుని, చేతులతో చెలమలు తవ్వి మంచినీళ్లు తోడుకుంటున్నాయి.