లాడ్ బజార్: గాజుల వీధి, వెనుక గల్లీలు

చార్మినార్ కింద నిలబడి పడమటి దిక్కుకు తిరిగితే కనిపించే వీధే లాడ్ బజార్. మన ఇళ్ళల్లో పెళ్ళి కుదిరిందంటే ముందు ఆ వీధి మాటే వస్తుంది. సాంచక్ సామాను, ఖడా దుపట్టా, అత్తరు, అన్నిటికంటే ముఖ్యం గాజులు. మనవాళ్ళే కాదు, శ్రావణమాసం వస్తే హిందూ సోదరీమణులూ అక్కడ బేరమాడుతూ కనబడతారు.

మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో చార్మినార్ కట్టించినప్పుడు నాలుగు దిక్కులా నాలుగు బాటలు వేయించాడు. వాటిలో పడమటిది ఇది. ఆసఫ్‌జాహీల కాలంలో ఆ వైపునే ఖిల్వత్, చౌమహల్లా వెలిశాయి. నవాబుల దేవిడీలు దగ్గరలో ఉండటంతో బజారుకు గిరాకీ పెరిగింది. వీధి దాటాక మహబూబ్ చౌక్‌లో ఉన్న గడియార స్తంభం 1892 నాటిది. 1948లో నిజాం పాలన పోయింది, తర్వాత దేవిడీలూ చాలామటుకు కూలిపోయాయి. బజారు మాత్రం నిలిచింది. నవాబుల సొమ్ముతోనే బతికిన వీధి అయితే అదీ అప్పుడే పోయేదని నా అభిప్రాయం.

పేరు సంగతి అంటారా? లాడ్ అంటే గారాబం అని కొందరు, లక్క అనే మాటే అలా మారిందని మరికొందరు. ఉర్దూ మీడియం పంతుల్ని కనుక తీర్పు చెప్పమని నన్నడుగుతారు. నేను చెప్పను. రెండూ ఆ వీధికి అతుకుతాయి.

అసలు పని జరిగేది దుకాణాల్లో కాదు, వెనుక గల్లీల్లో, ఇళ్ళల్లో. లక్క అనేది మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద ఒక చిన్న పురుగు పెట్టే జిగురు. ఎక్కువగా జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో పండుతుంది. దాన్ని బొగ్గుల కుంపటి మీద మెత్తబరచి, రంగు కలిపి, కడ్డీలా సాగదీసి, వేడి ఆరకముందే గుండ్రంగా వంచి కొసలు అతుకుతారు. ఆ పైన రాళ్ళు, అద్దం ముక్కలు ఒక్కొక్కటే అదమాలి. లక్క చల్లారితే రాయి దిగదు, మరీ వేడిగా ఉంటే వేలు కాలుతుంది. ఈ రాళ్ళ పని ఎక్కువగా ఆడవాళ్ళదే. కూలి లెక్క గాజుల లెక్కన. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కాని ఆ కాగితం దానంతట అది కూలి పెంచదు కదా!

ఈ సంగతి నాకు తెలిసింది బజార్లో కాదు, తరగతిలో. ఒకరోజు భిన్నాలు చెబుతున్నాను. పిల్లలంతా తికమక పడుతుంటే వెనక బెంచీ అమ్మాయి లేచి, "గాజు సైజు రెండు-ఆరు అంటే రెండంగుళాలు, ఇంకా అంగుళంలో పదహారో వంతులు ఆరు, సార్" అంది. మా పుస్తకంలో అంత చక్కని ఉదాహరణ లేదు. శభాష్ అని దగ్గరికి పిలిస్తే చూపుడు వేలి కొన బొబ్బ కట్టి ఉంది. రాత్రి అమ్మతో కూర్చుని రాళ్ళు అదిమిందట.

పెళ్ళిళ్ళ నెలల్లో హాజరు పట్టీలో ఆ పిల్ల పేరుకెదురుగా గైర్హాజరు గీతలే ఎక్కువ. ఈసారి సొసైటీ స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసేటప్పుడు, హాజరు తక్కువని పక్కన పెట్టేముందు, ఆ ఇంట్లో కుంపటి ఉందేమో ఒక్క మాట అడగాలని సభ్యులకు నా మనవి.